మా వసారాలో నమిలే మిషను

మా అమ్మ పంటి కోసం మా నాన్న ఒక నోరు తయారుచేశాడు. దానికి పెదవులు లేవు, నాలుక లేదు, మాట అసలే రాదు. దవడలు మాత్రం ఆరు ఉన్నాయి. పాల్వంచలో థర్మల్ కాలనీ దాటాక, భద్రాచలం వెళ్లే రోడ్డు పక్కన ఉన్న మా ఇంటి వసారాలో అది కొన్ని నెలలపాటు పొద్దస్తమానం నములుతూ కూర్చుంది. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లు మమ్మల్ని పలకరించడం మానేశారు. చెప్పులు విప్పుతూనే దాని వైపు చూసి, తిన్నదా అని అడిగేవాళ్లు.

నేను పళ్ల డాక్టర్ని. ఈ సంగతి తెలిసిన మరుక్షణం మనుషులు నా ముందు నోరు తెరుస్తారు. పెళ్లి భోజనాల్లో తెరుస్తారు, చావు ఇళ్లలో తెరుస్తారు. ఒకసారి ఇల్లందు బస్సులో ఒక పెద్దాయన నా పక్క సీటు ఖాళీ అయ్యేదాకా నిలబడి, కూర్చోగానే నోరు తెరిచి, కొత్తగూడెం వచ్చేదాకా మూయలేదు. గతుకుల రోడ్డు కావడంతో ఆయన నోట్లో నాకేమీ సరిగా కనిపించలేదు. అయినా చూసి, బాగానే ఉందని చెప్పి పంపించాను. ఇంతమంది అడక్కుండానే తెరిచే నోటిని నా ముందు ససేమిరా తెరవని మనిషి ఒక్కతే ఉంది. ఆమె మా అమ్మ.

అమ్మకు ఎడమవైపు నమిలే పళ్లు లేవు. నేను పుట్టకముందే ఏదో క్యాంపులో పీకేశారు. ఉన్న బలమంతా కుడివైపే. ఆ కుడివైపు కింది దవడలో పెద్ద పన్ను ఒకటి పుచ్చింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు దాన్ని తొలిచి తెల్ల సిమెంటు నింపాను. నేను సొంతంగా పెట్టిన మొదటి ఫిల్లింగ్ అది. ఏడాది తిరిగేసరికి అరిగి గుంట పడింది. నాకు మొదటి నుంచీ ముక్కు మీద కోపం. ఆ గుంట చూసి అమ్మ మీద ఎగిరాను, చింతగింజలు కొరుకుతుందని తిట్టాను, చివరికి ఆమె ముందే కూర్చుని ఏడ్చాను.

రెండోసారి మంచి సరుకు తెచ్చాను. పేస్టులా ఉండే మందును పొరలు పొరలుగా పెట్టి, నీలం లైటుతో గట్టిపరిచే రకం. మార్కులు వేసేవాళ్లెవరో వెనక నిలబడి చూస్తున్నారన్నంత శ్రద్ధగా, పంటి మీద ఉండాల్సిన గట్లు, గీతలు అన్నీ చెక్కాను. చేతికి ఊపు వచ్చి, అవసరం లేని చిన్న గీత ఒకటి కూడా చెక్కాను. పని అయ్యాక, ఇది కూడా అరిగితే ఇక పన్ను పీకడమే అని అమ్మకు చెప్పాను. కండక్టరు ముందుకు జరగండి అన్నట్టు, పళ్ల డాక్టర్లు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పే మాట అది. చెప్పి మరిచిపోయాను.

ఆ తర్వాత నుంచి అమ్మ మెత్తటివి తినడం మొదలుపెట్టింది. జొన్న గటక, పెరుగన్నం, పప్పులో పిసికిన అన్నం. జొన్నరొట్టెలు నాన్నకు చేసిపెట్టేది గానీ తను ముట్టేది కాదు. అన్నింటికన్నా విడ్డూరం, చింతగింజలు మానేసింది. మా అమ్మను ఎరిగినవాళ్లెవరూ దీన్ని నమ్మరు. ఎండాకాలంలో అడవి వైపు గూడేల నుంచి చింతపండు, ఇప్పపువ్వు అమ్మడానికి వచ్చే అవ్వ ఒకామె, అమ్మ కోసమని గింజలు విడిగా మూటకట్టి తెచ్చేది. అమ్మ వాటిని వేయించి, పొట్టు కొట్టి, రేకు డబ్బాలో పోసుకుని, సాయంత్రం సీరియల్ చూస్తూ ఒక్కొక్కటే బుగ్గన పెట్టుకునేది. కాసేపు నానాక టక్కుమని కొరికేది. సీరియల్లో అత్తగారు ఏదైనా అఘాయిత్యం చేసినప్పుడు ఆ చప్పుడు ఇంకా గట్టిగా వినిపించేది. ఇప్పుడు అవ్వ గింజలు తెస్తూనే ఉంది, అమ్మ తీసుకుంటూనే ఉంది, వేయించి ఇరుగుపొరుగుకు పంచుతోంది. తను మాత్రం ఒక్కటీ నోట్లో వేసుకోదు.

చూస్తానంటే నోరు తెరవదు. "తెరిస్తె పీకుతవ్," అంటుంది. బతిమాలినా అంతే, కసిరినా అంతే. రెండో ఫిల్లింగ్ కూడా అరిగిపోయిందనీ, బాధ పడుతూ పైకి చెప్పడం లేదనీ నేను తేల్చుకున్నాను. ఆ పన్ను పోతే అమ్మకు నమలడానికి ఇంకేమీ మిగలదు. అరవై కూడా నిండని మనిషి ఇక జీవితాంతం గటక మింగి బతకాలా అని నాకు కడుపు మండిపోయింది. సరిగ్గా అప్పుడే పీజీలో పరిశోధనకు విషయం ఎంచుకోవాల్సి వచ్చింది. అరగని ఫిల్లింగ్ తయారుచేస్తానని మా గైడు గారికి చెప్పాను. ఆయన నెమ్మదస్తులు. అరగనిది ఉండదనీ, తక్కువ అరిగేది చేద్దామనీ, అయినా అది మనిషి నోటి దాకా రావడానికి చాలా ఏళ్లు పడుతుందనీ చెప్పారు. మా అమ్మ పంటికి అంత ఓపిక లేదని నేను ఆయనకు చెప్పలేదు.

ఫిల్లింగ్ అంటే ఒక రకంగా స్లాబుకు పోసే కాంక్రీటే. కంకర బదులు కంటికి కనిపించనంత చిన్న గట్టి రేణువులు ఉంటాయి, సిమెంటు బదులు వాటిని పట్టి ఉంచే జిగురు ఉంటుంది. నమిలిన కొద్దీ ముందు జిగురు అరుగుతుంది, ఆసరా పోయిన రేణువులు ఊడి వస్తాయి. రేణువులు ఇంకా సన్నగా, ఇంకా ఒత్తుగా ఉండి, జిగురు వాటిని గట్టిగా పట్టుకుంటే అరుగుదల తగ్గుతుంది. వరి ఊకను బాగా కాల్చి శుద్ధి చేస్తే వచ్చే తెల్ల పొడి ఇందుకు పనికొస్తుందని చదివి, తల్లాడ దగ్గర మా మేనమామ నడిపే రైస్ మిల్లు నుంచి ఊక తెప్పించాను. నాన్నకు అది నచ్చలేదు. ఆయన థర్మల్ కరెంటు ప్లాంటులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. బూడిదకు కొదవ లేని ఊళ్లో ఉంటూ బూడిద కోసం తల్లాడ దాకా పోవడం ఏమిటని ఆయన బాధ. ఎక్కడి నుంచో ఒక సంచీడు బొగ్గు బూడిద స్కూటర్ మీద తెచ్చి నా ముందు పెట్టాడు. అది నోట్లో పెట్టేది కాదు నాన్నా అంటే అలిగి, ఆ పూటంతా మాట్లాడలేదు.

అసలు చిక్కు నమలడం దగ్గర వచ్చింది. ఫిల్లింగ్ ఎంత అరుగుతుందో తెలియాలంటే, మనిషి ఏళ్ల తరబడి నమిలేదంతా కొన్ని నెలల్లో నమిలిపెట్టే మిషను కావాలి. అది విదేశాల నుంచి రావాలి. అడగాల్సిన వాళ్లను అడిగితే చూద్దాం అన్నారు. మా వైపు చూద్దాం అంటే ఆ విషయం మళ్లీ ఎత్తవద్దని అర్థం. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే, నాన్న అన్నం కలపడం ఆపి నా వైపు చూశాడు.

"ఎంత బరువుతోని నమలాలె?" అన్నాడు.

రిటైరయ్యాక నాన్న ఇంట్లో చెడిపోనివన్నీ బాగుచేసి పెట్టాడు. మంచిగా తిరిగే ఫ్యాను విప్పి బిగించాడు. కారని నల్లాకు వాషర్ మార్చాడు. టీవీ రిమోట్ కూడా విప్పబోతే అమ్మ అడ్డుపడింది, కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు దాని మీద ఇంకా ఉంది మరి. మా ఇంట్లో ఏ వస్తువుకూ కొత్తదనం పోగొట్టుకునే హక్కు లేదు. ఫ్రిజ్ హ్యాండిల్‌కు గుడ్డ తొడుగు ఉంటుంది. స్టీలు గిన్నెల మీద దుకాణంవాడి స్టిక్కర్లు ఉంటాయి. నా చిన్నప్పుడు కొన్న గాజు కప్పుల్లో ఇంతవరకు ఎవరూ టీ తాగలేదు. ఇలాంటి ఇంట్లో పానా పట్టుకుని తిరిగే మనిషికి నమిలే మిషను దేవుడిచ్చిన వరంలా దొరికింది.

అమ్మ పాత గ్రైండరు మోటారు, మూలపడిన కుట్టుమిషను చక్రం, గేటు స్ప్రింగులు, బేరింగు గోళీలు, ఇవన్నీ కలిసి మిషనయ్యాయి. వరసగా ఆరు గిన్నెలు. ఒక్కో గిన్నెలో ప్లాస్టరులో బిగించిన ఫిల్లింగ్ ముక్క ఉంటుంది. పైనుంచి గోళీ దిగి, దాన్ని నొక్కి, పక్కకు జరిగి, మళ్లీ లేస్తుంది. అదే నమలడం. గిన్నెలు మునిగేలా కింద ట్రేలో తిండి పోస్తాం. మూడు గిన్నెల్లో నా ఊక పొడి కలిపిన కొత్త రకం, మూడింటిలో బజారులో దొరికే మామూలు రకం పెట్టాను. గైడు గారు వచ్చి బరువులు తూచి చూసి, పర్వాలేదు నడపండి అన్నారు. ఆ సాయంత్రం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏ పనీ లేకుండా రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి వచ్చాడు.

తిండి సంగతి కూడా అమ్మకు వివరంగా చెప్పాను. జొన్నలు పొట్టుతో సహా బరకగా పట్టించి, నీళ్లలో కలిపి పోయాలి. పులిసిపోకుండా రోజూ పొద్దున మార్చాలి. వారమంతా నేను ఖమ్మంలో కాలేజీ పనిలో ఉంటాను గనక ఆ బాధ్యత ఆమెదే. ఈ మిషనుకూ తన పంటికీ ఏమిటి సంబంధం అని అమ్మ అడిగింది. నీ పన్ను బదులు ఇది నములుతుందమ్మా, నీ పంటికి ఏళ్లలో జరిగేది దీనికి నెలల్లో జరుగుతుంది అని చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని తలూపింది.

నడిచే మిషను దగ్గర మనిషి ఉండాలి. నాన్నకు తెలిసిన మతం అదొక్కటే. తనతో పనిచేసి రిటైరైన ఇద్దరు స్నేహితుల్ని పిలిచి డ్యూటీలు వేశాడు. పొద్దున ఏ షిఫ్టు, మధ్యాహ్నం బి షిఫ్టు. సి షిఫ్టు కూడా పెడదామన్నారు గానీ, రాత్రిపూట దాన్ని పడుకోనియ్యాలని అమ్మ తెగేసి చెప్పింది. ఏ షిఫ్టు ఆయన పసుపు హెల్మెట్ పెట్టుకుని వచ్చేవాడు. మా వసారాలో పైనుంచి పడడానికి పావురాల రెట్ట తప్ప ఏమీ లేదు. ఆయన పని కుర్చీలో కూర్చుని మిషనును చూడడం. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ లేచి నిలబడి, మోటారు వేడెక్కలేదు, నమలడం మామూలుగానే ఉంది అని ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్లు. 

ఒకరోజు బి షిఫ్టు ఆయన ఇల్లందులో పెళ్లికి పోయి, భోజనాలు ఆలస్యమై, రాలేదు. రిలీవర్ రాకుండా కుర్చీ దిగకూడదు గనక ఏ షిఫ్టు ఆయన పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆయన భార్య టిఫిన్ క్యారియర్ తెచ్చి, ఇంట్లో నీళ్ల మోటారు పాడైతే చూడని మనిషి ఇక్కడ ఎవరి పళ్లకో కాపలా కాస్తున్నాడని వీధంతా వినేలా తిట్టింది. ఆయన హెల్మెట్ తీయకుండానే అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మిర్చిబజ్జీలు డిమాండ్ చేశారు. నాన్న మేనేజ్‌మెంట్ తరఫున కూర్చుని మాట్లాడి, వారానికి ఒకసారికి ఒప్పించాడు. బజ్జీలు వేయాల్సింది అమ్మ. చర్చల్లో ఆమెను ఎవరూ పిలవలేదు.

వీధిలో వాళ్లకు మాత్రం దాని తిండి మీదే ధ్యాస. ఎదురింటివాళ్లు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకుంటున్నవాళ్లు. ఆవకాయ తగలకుండా నమలడం ఏం నమలడమని ఆ ఇంటావిడ ఒక గిన్నెడు పంపించింది. వద్దంటే మూతి ముడుచుకుంది. శ్రీరామనవమి నాడు ఊరు ఊరంతా భద్రాచలం బయల్దేరితే, ఇల్లు కదలలేని మిషనుకు అమ్మ పానకం పోసింది. ఆ వారమంతా మోటారు నిండా చీమలు. శనివారం అమ్మ ఒక్కపొద్దు ఉంటుంది, కాబట్టి మిషనుకు కూడా ఒక్కపొద్దే, దాన్ని నడిపేవాళ్లు కాదు. ఆదివారం వీక్లీ ఆఫ్, ఆ రోజు ట్రే కడిగి బోర్లించేవాళ్లు. నేను ఇంటికి వచ్చేది ఈ రెండు రోజులే. అందుకే మిషను తింటుండగా నేను ఎప్పుడూ చూడలేదు. చింతపండు అవ్వ మాత్రం మామూలు రోజునే వచ్చి, దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, ఇంత నమిలి ఒక్కసారైనా మింగదేమిటని అడిగిందట. ఆ ప్రశ్న మా గైడు గారికి కూడా తట్టలేదు.

అనుకున్న గడువు పూర్తయ్యాక ముక్కలన్నీ తీసి, దూదిలో చుట్టుకుని ఖమ్మం తీసుకెళ్లాను. ముక్కలు తీసినా షిఫ్టులు ఆగలేదు. వాళ్లకు పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక చోటు కావాలి కదా, మిషను ఖాళీ గిన్నెలనే నములుతూ ఉంది. కాలేజీలో నా ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. అరగలేదు. మళ్లీ కొలిచాను. అరగలేదు. తక్కువ అరగడం కాదు, అసలే అరగలేదు. మామూలు రకాన్ని కూడా కొలిచి పోల్చాలన్న ఓపిక నాకు ఆ పూటకు లేకపోయింది. నేరుగా ఇంటికి ఫోన్ చేసి, ఇక నీ పంటికి భయం లేదమ్మా అని చెప్పాను. అమ్మ, తిన్నావా అని అడిగింది.

ఆ వారం ఇంటికి వచ్చేసరికి మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. ప్రపంచంలోనే మొదటిసారి అరగని పన్ను కనిపెట్టిన మా ఆడబిడ్డకు శుభాకాంక్షలు అని రాశారు. ఆడబిడ్డ ఫొటో ఒక మూలన చిన్నగా ఉంది. కింద హెల్మెట్‌తో ఏ షిఫ్టు, చేతులు కట్టుకుని బి షిఫ్టు, నల్ల కళ్లద్దాలతో నాన్న. మధ్యలో నిలువెత్తున మిషను, బంతిపూల దండతో. దానికి మెడ లేదు గనక దండ మోటారుకు వేశారు. భద్రాచలం పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. దండ చూసి, ఎవరు పోయారని ఇద్దరు ముగ్గురు ఆగి అడిగారట. అమ్మ ఆ రోజు కూడా గటకే తిన్నది. ఇంక కొన్నాళ్లు ఓపిక పట్టు, నీ పన్ను బాగుచేస్తానని చెప్పి తిరిగి వెళ్లాను.

సోమవారం గైడు గారు నా కొలతలు చూశారు. సంతోషపడకుండా మామూలు రకం ముక్కలు తెమ్మన్నారు. వాటినీ కొలిచారు. అవీ అరగలేదు. ఏది ఏ ముక్కో గుర్తుండడానికి ప్లాస్టరు మీద, సరిగ్గా గోళీ తిరిగే దారిలోనే నేను పెన్సిల్‌తో గీతలు పెట్టాను. ఆయన ఆ గీతను వేలితో రాశారు. వేలికి నలుపు అంటుకుంది. అన్ని నెలలు గోళీ రుద్దినా చెరగని పెన్సిల్ గీత ఆయన వేలికి చెరిగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా, "ఇంతకూ మీ మిషను ఏం తిన్నదమ్మా?" అని అడిగారు.

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరాను. నా ముఖం ఎలా ఉందో గానీ, దారిలో ఎవరూ నోరు తెరవలేదు. ఇంటికి చేరేసరికి ఏ షిఫ్టు నడుస్తోంది. నాన్న, హెల్మెట్ ఆయన చెరో కుర్చీలో కూర్చుని ఖాళీ దవడల్ని చూస్తున్నారు. నేను చెప్పులతోనే వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పెద్ద గిన్నెడు గటక ఉడుకుతోంది. అమ్మ అప్పటికే జొన్నపిండిని జల్లించి, బరకంతా పక్కన పారబోసింది. ఉడికిన గటకను పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, మజ్జిగ పోసి, ఇంకోసారి ఎనిపింది. సగం తన కంచంలో వేసుకుంది. ముక్కలు లేకపోయినా అలవాటు తప్పకుండా, మిగతా సగం కడిగి తెచ్చిన మిషను ట్రేలో పోసింది.

నేను ఏం చెప్పాను, నువ్వు ఏం పెడుతున్నావు అని అరిచాను. బరక జొన్నలు అన్నాను కదా, పొట్టుతో అన్నాను కదా. అమ్మ గరిటె కింద పెట్టి, ఇంత చిన్న సంగతి నాకు అర్థం కానందుకు ఆశ్చర్యపోతున్నట్టు చూసింది.

"ఇది నా పన్ను బదులు నములుతదని నువ్వే చెప్పినవ్ గదా. నేను ఏం తింటున్ననో అదే పెట్టిన. నేను గటక తినుకుంట దానికి గట్టియి పెడితె, అది నా పన్నెట్లయితది?"

నోట్లో ఎలా ఉంటుందో మిషనులోనూ అలాగే ఉండాలని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. మెత్తటి గటక గోళీ కింద పరుపులా అడ్డం పడి దేన్నీ అరగనియ్యలేదు గనక, తర్వాత బరక జొన్నలతో అంతా మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఈసారి అన్నీ అరిగాయి, నావి కాస్త తక్కువ అరిగాయి. గైడు గారు మొదట్లో చెప్పింది కూడా అదే. ఫ్లెక్సీని ఇప్పుడు నాన్న స్కూటర్ మీద కప్పుతున్నాడు. కానీ ఆ పొద్దున వంటింట్లో ఇవేవీ నాకు తెలియవు. నెలల తరబడి పడ్డ పాటు గటకలో కలిసిందన్న ఒక్కటే తెలుసు. అది కూడా ఎవరి కోసం పడ్డానో వాళ్ల చేతిలోనే.

నోటికి వచ్చినట్టు అన్నాను. నీ ఫిల్లింగ్ అరిగిపోయిందనే కదా ఇదంతా మొదలుపెట్టాను, నువ్వు నమల్లేకపోతున్నావనే కదా ఈ మిషను, నువ్వు గటక తినకూడదనే కదా, దానికి తీసుకెళ్లి గటకే పెడతావా అని అరిచాను. వసారాలో నాన్న మిషను ఆపేశాడు. షిఫ్టు మధ్యలో అది ఆగడం అదే మొదటిసారి.

"అరిగిందని నీకెవరు చెప్పిన్రు?" అంది అమ్మ.

అరగకపోతే మరి ఎందుకు నమలవని అడిగాను.

"అరిగిపోతదని."

నాకు అర్థం కాలేదు. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా వైపు చూడకుండా మిగతాది చెప్పింది. "ఇదిగూడ అరిగితె పీకుడే అన్నవ్. మొదటిది అరిగినప్పుడు నువ్వెంత ఏడ్చినవో చూసిన గదా. అందుకే దీన్ని దాచిన."

నోరు తెరువు అన్నాను. ఈసారి ఎందుకో కాదనలేదు. వెలుతురు కోసం వసారాలోకి తీసుకొచ్చి, మిషను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. నాన్న సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నాడు. ఏ షిఫ్టు ఆయన గౌరవంగా హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెంచా వెనక్కి తిప్పి అమ్మ బుగ్గను పక్కకు జరిపి చూశాను.

ఫిల్లింగ్ తళతళలాడుతోంది. గట్లు గట్లుగానే ఉన్నాయి. గీతలు గీతలుగానే ఉన్నాయి. చేతి ఊపులో నేను చెక్కిన ఆ పనికిరాని గీత కూడా చెక్కుచెదరలేదు. రిమోట్ మీద కవరు తీయకుండా, గిన్నెల మీద స్టిక్కర్లు పీకకుండా, గాజు కప్పుల్లో టీ పోయకుండా ఉంచినట్టే, మా అమ్మ నా ఫిల్లింగ్‌ను నోట్లో కొత్తగా దాచిపెట్టింది. ఆమె గటక తింటోందని అరగని ఫిల్లింగ్ కోసం నేను కిందా మీదా పడ్డాను. నేను కిందా మీదా పడుతున్నానని, ఉన్న ఫిల్లింగ్ అరగకుండా ఆమె ఇంకా జాగ్రత్తగా గటక తింది. ఒకే ఇంటివాళ్లమై ఉండి ఇద్దరం ఇలా ఒకరినొకరం కాపాడుకున్నాం. నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉంటే అది ఏడుపైంది. అమ్మ నోట్లో చెంచా ఉండగానే, ఏమైందని కళ్లతో అడిగింది. ఏమీ కాలేదని చెప్పాను. నాకు అమ్మ మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది, పట్టలేనంత కోపం కూడా వచ్చింది.

లోపలికి వెళ్లి అటక మీది రేకు డబ్బా తెచ్చాను. పోయిన ఎండాకాలం వేయించిన చింతగింజలు ఇంకా అడుగున ఉన్నాయి. ఏ పళ్ల డాక్టరూ ఏ పేషెంటుకూ చేయకూడని పని చేశాను. ఒక గింజ తీసి అమ్మ అరచేతిలో పెట్టి, నమలమన్నాను. అమ్మ దాన్ని వేళ్ల మధ్య తిప్పింది గానీ నోటి దాకా తీసుకెళ్లలేదు.

"అరిగిపోతది బిడ్డా," అంది.

"అరిగితె అరగనియ్యమ్మా. నువ్వు తినాల్నని పెట్టిన, దాచుకోవాల్నని కాదు. అరిగితె మళ్ల పెడత."

అమ్మ గింజను కుడి బుగ్గన పెట్టుకుంది. నాన్న లైటు ఆర్పి కూర్చున్నాడు. హెల్మెట్ ఆయన గింజ నానేదాకా హెల్మెట్ ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి టక్కుమని వినిపించింది. అమ్మ కళ్లు మూసుకుని మెల్లగా నమిలింది. ఇక అంతా సర్దుకుందనుకుని నాన్న మిషను స్విచ్ వేయడానికి లేచాడు. అమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపి, డబ్బాను ఒళ్లోకి తీసుకుని ఇంకో గింజ వెతుక్కుంది.